మా బావ చెప్పిన కత్తిచేప

మృగశిర కార్తె మొదలైన రోజు జగిత్యాలలో చేప దొరకడమంటే మాటలు కాదు. ఆ రోజు చేప ముక్క నోట్లో పడకపోతే ఏదో అరిష్టం వచ్చిపడుతుందన్నట్టు ఊరు ఊరంతా మార్కెట్టు మీద పడుతుంది. ఏడాదంతా చేప వాసనకు ముక్కు మూసుకునే మా ఇంట్లోవాళ్ళు కూడా పొద్దున్నే సంచి చేతికిస్తారు. నాది కోరుట్లలో బట్టల కొట్టు. ఈసారి పని మీద జగిత్యాల పోయినవాణ్ణి, అక్కడే కొనుక్కుపోదామని వరుసలో నిలబడ్డాను. ముందున్న వ్యాపారి కొర్రమట్టల తొట్టి పక్కన ఐసు పెట్టెలో పెద్ద పెద్ద ముక్కలు పేర్చి, సముద్రం సరుకు, కత్తిచేప అని ఒకటే అరుపు. ముక్కు మీద కత్తి ఉంటుందట, ఒక్క పోటు పొడిస్తే ఎదుటి చేప కడుపులోంచి ఆ పక్కకు తేలుతుందట.

"పొడువది. అడ్డంగ కొడ్తది" అన్నాను నేను.

వరుసలో వాళ్ళంతా నా వైపు తిరిగారు. అంతటితో ఊరుకోవచ్చు కదా. ఆ కత్తి గుండ్రంగా ఉండదు, బల్లపరుపుగా ఉంటుంది, చేపల గుంపులోకి దూరి అటూ ఇటూ విసురుతుంది, దెబ్బ తిన్నవాటిని మింగుతుంది, పెరిగిన కత్తిచేపకు నోట్లో పళ్ళుండవు, ఒంటి మీద పొలుసులుండవు, అవి రెండూ పిల్లప్పుడే ఉంటాయి అని మొత్తం ఒప్పజెప్పాను. ఆ వ్యాపారి నన్ను చేపల ఆఫీసరనుకున్నాడేమో, ముక్కల మీద గోనెపట్టా కప్పేశాడు. నాకేమో ఒళ్ళు మండిపోయింది. ఆ మాటలు నావి కావు. మా బావవి. ఆయన మొన్నటి చలికాలంలోనే చనిపోయాడు. ఇన్నేళ్ళు నా చెవుల్లో పోసిన సొద మాత్రం నా నోట్లోంచి బయటికి వస్తోంది.

మా అక్కను సిరిసిల్లకు ఇచ్చాం. పెళ్ళినాటికి బావ సాంచాలు నడిపేవాడు. సాంచాలంటే మరమగ్గాలు. ఎనిమిది సాంచాల మధ్య ఒక్కడే నిలబడి, ఏ బీములో ఏ పోగు తెగినా క్షణంలో పట్టుకుని ముడేసేవాడని పేరు. ఆ పేరుతోనే ఉండిపోతే మాకు ఈ తిప్పలు ఉండేవి కావు. పని సన్నగిల్లాక అందరిలాగే గల్ఫ్ దారి పట్టాడు. మా వైపువాళ్ళు అక్కడికి పోతే కట్టుబడి పనికో, తోట పనికో పోతారు. వచ్చినప్పుడు ఓ సెంటు సీసా, ఓ దుప్పటి తెచ్చి, ఎండలు ఎక్కువ అని చెప్పి ఊరుకుంటారు. ఈయన మస్కట్‌లో ఒక బోటు మీద పనికి కుదిరాడు. షేకులూ తెల్లవాళ్ళూ సరదాకు గాలం వేయడానికి కిరాయికి తీసుకునే బోటు అది. ఇక చూడాలి ఈయన ఎచ్చులు.

సెలవుకు వస్తే చాలు, ఇంటికి వచ్చినవాడికి మంచినీళ్ళ కంటే ముందు కత్తిచేప వడ్డించేవాడు. కుర్చీలో వెనక్కి వాలి, రెండు కాళ్ళూ ఎదుటి గోడకు తన్నిపెట్టి, బొడ్డు దగ్గర పిడికిలి బిగించేవాడు. ఆ పిడికిలిలో రాడ్డు ఉన్నట్టు మనం అనుకోవాలి. రెండో చేత్తో రీలు తిప్పేవాడు. చేప బోటులో పడేదాకా చాయ్ ముట్టేవాడు కాదు. చాయ్ చల్లారిపోయేది, మా అక్క మళ్ళీ వేడి చేసి తెచ్చేది. అప్పటికి ఇంకో చేప తగిలి ఉండేది.

"బలం పనికిరాదు బామ్మర్ది. దాని నోరు మెత్తగుంటది. గుంజితె చినిగి గాలం ఊడస్తది. అది గుంజితె ఇడువాలె, అది అలిస్తె సుట్టాలె" అనేవాడు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. పెళ్ళిలో విన్నాను, గృహప్రవేశంలో విన్నాను. మా చిన్నాన్న దశదినకర్మకు వచ్చి, ఆకుల ముందు కూర్చున్నాక, ఆ చేప కన్ను వెనక ఒక కండ ఉంటుందని, నీళ్ళు ఎంత చల్లగా ఉన్నా అది కన్నునూ మెదడునూ వెచ్చగా ఉంచుతుందని, అందుకే పగలంతా అరకిలోమీటరు లోతున చీకట్లో ఉండి కూడా పారిపోయే చేపను కనిపెడుతుందని మొదలుపెట్టాడు. చిన్నమ్మ కళ్ళు తుడుచుకోవడం మానేసి ఈయన మొహం చూస్తూ ఉండిపోయింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఈయన మాత్రం అది చీకటి పడితే మీదికి వస్తుందని కూడా చెప్పి గాని పప్పులో అన్నం కలపలేదు.

నేనేం తక్కువవాణ్ణా? ఒకసారి అందరి ముందూ ఆయన ఫోన్ లాక్కుని ఫోటోలు చూపించాను. ఒక్కదాంట్లో కూడా ఈయన చేతిలో రాడ్డు లేదు. రాడ్డు తెల్లాయన చేతిలో ఉంది, చేప తెల్లాయన కాళ్ళ ముందు ఉంది. మా బావ ఫోటో మూలన నిలబడి, కెమెరా వైపు కూడా కాదు, ఎటో పక్కకు చూస్తున్నాడు.

"ఏంది బావా, పట్టిందేమో నువ్వు, మీసం తిప్పిందేమో ఆయననా?" అన్నాను.

ఫోటో వరకే ఆయన, పట్టింది నేనే అని బావ గొంతు పెంచాడు. రాడ్డును ఇంకొకరు ముట్టుకుంటే ఆ చేప లెక్కలోకి రాదని, అందుకే పట్టినవాడి పేరు బయటికి రానివ్వరని ఏదో కొత్త రూలు చెప్పాడు. అందరూ నవ్వారు. అక్క నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "తమ్మీ, ఇగ ఊకో" అంది. అక్క సంగతి ఇంకోటి. తన మొగుడు ముక్కు మీద కత్తి ఉన్న చేపల్ని పడతాడని వాడకట్టులో ప్రతి ఇంటికీ చెప్పుకుంది. వాళ్ళు ఆమెను చాటుగా చేపలామె అని పిలుచుకునేవాళ్ళు. ఆమెకు అది తెలుసు, అయినా చెప్పడం మానలేదు.

ఒక ఏడు సెలవుకు వచ్చినవాడు మళ్ళీ పోలేదు. బోటు రిపేరుకు పోయిందని, కాగానే ఓనరు ఫోన్ చేస్తాడని చెప్పాడు. రిపేరు ఎంతకీ అయ్యేది కాదు. ఈలోపు చెయ్యి ఊరికే ఉండొద్దని రెండు గాలం కర్రలు చేయించుకుని, గంభీరావుపేట అవతల నర్మాల చెరువుకు పోవడం మొదలుపెట్టాడు. సముద్రాన్ని ఏలిన మనిషి జెల్లల కోసం కూర్చున్నాడని నేను కోరుట్లలో చెప్పని మనిషి లేడు.

అప్పుడే ఆయన తీరు ఇంకా చెడిపోయింది. నేను ఇంట్లో అడుగు పెడితే ఎప్పుడొచ్చావని అడగడు, మొహం వైపు చూడడు. గోడ వైపు చూస్తూనే చేప కథ ఎత్తుకుంటాడు. నేనేదైనా అన్నాక గానీ, బామ్మర్దీ అని పిలవడు. మస్కట్ నీళ్ళు తాగితే కళ్ళు ఇంత నెత్తికెక్కుతాయా అనుకున్నాను. మా అక్కదీ కొత్త పద్ధతి. ఎవరు గడపలో కాలు పెట్టినా వంటింట్లోంచి, కోరుట్ల తమ్ముడచ్చిండు, పక్కింటి వదినె అచ్చింది అని గట్టిగా చెప్పేది. రాజుగారి కొలువులో వచ్చినవాళ్ళ పేర్లు చదువుతారే, అలాగ. మొగుడి తిక్కకు ఈమె తాళం వేస్తోందని విసుక్కున్నాను.

ఒకరోజు గుడ్డ కోసం సిరిసిల్ల పోతే, ఆయన ఒక్కడే చెరువుకు పోతున్నాడని, తోడు పొమ్మని అక్క బతిమాలింది. సరే అని ఆటోలో బయల్దేరాం. దారి పొడుగునా అదే ప్రసంగం. పగలు కత్తిచేపను పట్టాలంటే గాలానికి పెద్ద స్క్విడ్‌ను, అంటే పది చేతులున్న ఆ మెత్తటి జీవిని గుచ్చి, బరువు కట్టి, సముద్రం అడుగుదాకా దింపాలట. చేప వచ్చి తాకితే రాడ్డు కొన కొంచెం వణుకుతుందట. అలకూ ఊగుతుంది, చేపకూ ఊగుతుంది, ఏది ఏదో చూసి చెప్పగలిగినవాడే మొనగాడట. ఆటో డ్రైవరు ఔనా, ఔనా అంటుంటే నేను ఎండిపోయిన పొలాలు చూస్తూ కూర్చున్నాను.

చెరువు దగ్గర గాలాలు వేశాడు. అందరూ కర్రను చేత్తో పట్టుకుంటే, ఈయన బోటు మీది పద్ధతని రెండు పంగల కర్రలు పాతి వాటి మీద పెట్టాడు. చేత్తో పట్టుకోకూడదట, చూస్తూ కూర్చోవాలట. కూర్చున్నాడు. నీళ్ళ మీద నెమలి ఈక బెండు తేలుతోంది. కాసేపటికి అది గుబుక్కున మునిగింది. బావ మాట్లాడుతూనే ఉన్నాడు. ఆడ కత్తిచేపే పెద్దది, మగది దాని ముందు ఎంత అంటున్నాడు. బెండు మునిగిందని నేను చెప్పాను. "ఎర్కే. మింగనియ్యి, తొందరెందుకు" అన్నాడు. బెండు పైకి లేచింది. చేప పోయింది. కొర్రమట్టను అలా వదిలేస్తే తుంగలోకి దూరిపోతుందని చెరువు గట్టున పుట్టిన ఎవడికైనా తెలుసు. రెండోసారీ అంతే జరిగింది.

నాకు ఒళ్ళు మండింది. సరదాకే అనుకోండి, కక్షకే అనుకోండి, మెల్లగా లేచి ఆ దారాన్ని చేత్తో లాగి, గాలం, బెండు రెంటినీ తెచ్చి ఆయన కాలి దగ్గర మట్టి మీద పెట్టాను. వచ్చి పక్కన కూర్చున్నాను. ఆయన నీళ్ళ వైపే చూస్తున్నాడు. కాస్త ముందుకు వంగి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఇగ కొరుకుతది సూడు. సన్నగ."

నాకు నవ్వు రాలేదు.

"బావా, గాలం నీ కాలు కాడుంది" అన్నాను.

ఆయన చెయ్యి చాపి మట్టిలో తడుముకున్నాడు. గాలం ముల్లు వేలికి గుచ్చుకుంది. ఎడమ కన్ను మస్కట్‌లోనే పోయిందని, కుడి కంటి ముందు ఎప్పుడూ పొగ ఉన్నట్టుంటుందని, అదే తగ్గుతుందని చెప్పాడు. షుగరు ఉందని ఎప్పుడో చెప్పారు, పట్టించుకోలేదు. దవాఖానకు ఎందుకు పోలేదని అరిచాను. ఒకసారి డాక్టరు కాయితం మీద రాస్తే బోటు ఓనరు మళ్ళీ పిలవడట. మీ అక్కకు చెప్పకు అని నా చెయ్యి పట్టుకున్నాడు.

ఇంటికి రాగానే ఆ పనే చేశాను. అక్క బియ్యం ఏరుతోంది, తలెత్తలేదు. వచ్చినవాళ్ళ పేర్లు ఎందుకు అరుస్తున్నాననుకున్నావు అంది. పళ్ళెంలో కూర రోజూ ఒకే వైపు ఎందుకు వేస్తున్నాననుకున్నావు అంది. తనకు తెలిసిందని తెలిస్తే ఆయన ఇల్లు విడిచిపోతాడని భయపడి ఇన్నాళ్ళూ నోరు మూసుకుంది. "నా మాట ఇనడు. ఆ ఉన్న ఒక్క కన్నన్న నిలవెట్టు తమ్మీ" అంది.

జగిత్యాలలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆమె చుక్కలు వేసి, దీపం వేసి చాలాసేపు చూసింది. ఎడమ కంటికి ఇక ఏం చేయలేమని చెప్పింది. కుడి కంటిలో ఇంకా చూపు ఉంది, ఇంజెక్షన్లు వెంటనే మొదలుపెడితే నిలుస్తుంది, ఆలస్యం చేస్తే లోపల నెత్తురు దిగి అదీ పోతుంది అంది. ఇంత చెబితే ఈ మహానుభావుడు ఏం చేశాడు? కత్తిచేప కన్ను వెనక కండ ఉంటుంది మేడం అని మొదలుపెట్టాడు. ఆమె మంచిది, మొత్తం విన్నది.

"ఆ చేపకు షుగర్ లేదు పెద్దాయనా" అంది చివరికి.

ఇంజెక్షన్ వేస్తే ఇదివరకటిలా కనిపిస్తుందా అని బావ అడిగాడు. పోయింది తిరిగి రాదని, ఉన్నది నిలుస్తుందని ఆమె దాచకుండా చెప్పింది. వచ్చే వారం రమ్మంది. బావ బుద్ధిగా తలూపాడు. ఆ తలూపుడు చూసి గెలిచామనుకుని నేను కోరుట్ల వెళ్ళిపోయాను.

ఆ రోజుకు పొద్దున్నే కారు మాట్లాడుకుని సిరిసిల్ల పోతే మనిషి ఇంట్లో లేడు. కర్రలు తీసుకుని చెరువుకు పోయాడని అక్క చెప్పింది. ఆమె చీర మార్చుకుని, సంచి సర్దుకుని, గడప మీద కూర్చుని ఉంది. నేను గంభీరావుపేట దాకా పోయి ఆయన్ని పట్టుకున్నాను. ఎంత అడిగినా లేవలేదు. ఉన్న చూపుతో బోటు మీద ఏం పని దొరుకుతుందని ఎదురు నన్నే అడిగాడు. నాకు నోటికి ఎంత వస్తే అంత తిట్టాను. బోటు లేకపోతే బతుకు లేదా, ఇల్లు లేదా అన్నాను.

"కనీసం మా అక్క మొఖమన్న కనవడ్తది గదనే" అన్నాను.

"మీ అక్క మొఖం నాకు ఎర్కే" అన్నాడు.

ఇంత బుద్ధిహీనుణ్ణి నేను ఎక్కడా చూడలేదు. మోసుకుపోదామంటే అరవై దాటిన మొండి శరీరం. అక్క వచ్చి ఏడ్చినా కదల్లేదు. ఆ తర్వాత రెండుసార్లు తేదీ తీసుకున్నాను, రెండుసార్లూ అంతే. బతుకమ్మ ఆడే రోజుల్లో, ఒకనాడు పొద్దున లేచి, కరెంటు పోయిందా అని అడిగాడట. బయట ఎండ కాస్తోంది.

రెండో కన్ను పోయాక ఆయన చేప కథలు ఆగిపోయాయి. ఎవరైనా వస్తే రమ్మని చెయ్యి ఊపి ఊరుకునేవాడు. ఇరవై ఏళ్ళుగా ఈ మనిషి నోరు మూస్తే బాగుండునని కోరుకున్నవాణ్ణి నేనే, కానీ ఆ ఇంట్లో కూర్చోలేకపోయేవాణ్ణి. పక్కింటి సాంచాల చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం ఆ చప్పుడు భరించలేక నేనే కదిపాను. మా కొట్టుకు వచ్చేవాళ్ళు నీ కత్తిచేప సంగతి అడుగుతున్నారు, కాస్త చెప్పరాదా అన్నాను.

"నేనేనాడు పట్టలే బామ్మర్ది" అన్నాడు.

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"రాడ్డు కొన సూసుడే నా పని. సాంచ కాడ పోగు తెగితె కనవడ్తది గద, గట్లనే కనవడేది. తెల్లోళ్ళు ముచ్చట్లు వెట్టుకుంట కూసుందురు. కింద సేప తాకిందని ముందుగాల నాకే తెల్సేది. నేను ఒర్రితెనే వాళ్ళు రాడ్డు వట్టుకుందురు. తర్వాత్తర్వాత అల ఏదో, సేప ఏదో తెల్వకపాయె. ఇంటికి పొమ్మన్నరు."

బోటు రిపేరు మాట అంతా ఉత్తదే. ఫోటోల్లో ఆయన పక్కకు చూస్తున్నది ఇంకో రాడ్డు కొన వైపు. ఇది విన్నప్పుడు నాకు జాలి కలగాలి. నిజం చెప్పాలంటే కోపం వచ్చింది, ఈ రోజుకీ ఉంది. అరకిలోమీటరు లోతున, కంటికి ఆనని చోట ఒక చేప వచ్చి ఎరను తాకితే, ఊగే బోటు మీద నిలబడి దాన్ని కనిపెట్టిన సిరిసిల్ల మనిషి ఈయన. చెప్పుకోవాల్సింది అది. ఆ గొప్పను అటక మీద పారేసి, ఎవడో పట్టిన చేపను నెత్తిన పెట్టుకుని ఊరేగాడు. ఎవరూ అడగని అబద్ధం చెప్పి, ఆ అబద్ధం నిలవాలంటే బోటు మళ్ళీ పిలవాలని, దానికోసం ఉన్న ఒక్క కన్నునూ నీళ్ళపాలు చేసుకున్నాడు. ఇదే సంగతి మొదటే చెప్పి ఉండొచ్చు కదా అని అడిగాను.

"సూసుడు గూడ ఒక పనేనా అంటరు" అన్నాడు. తల అటూ ఇటూ తిప్పి, "మీ అక్క ఈడ గిట్ల ఉన్నదా?" అన్నాడు.

నేను తలెత్తి చూశాను. అక్క వంటింటి గడపలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. చేతిలో బియ్యం చేట ఉంది. నా వైపు చూసి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"లేదు బావా. పక్కింటికి పోయింది" అన్నాను.

"మంచిది. ఆమె అందరికి చెప్పుకున్నది. ఆమెకు నేనే పట్టినట్టు ఉండనియ్యి."

అక్క చేటను ఛాతీకి ఆనించుకుని, గాజులు చప్పుడు కాకుండా ఒక చేత్తో పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.